మామగారు సర్దిన కంప్యూటర్

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. నత్త బొమ్మల్ని ప్రచురణకర్తకి పంపడం, ఫోను కట్టేసి సాయంత్రం దాకా నిద్రపోవడం. నెల రోజులుగా ఎర్రబడిన ఆవిడ కళ్ళు చూసినవాళ్ళకి, ఆ పుస్తకం మొత్తం ఈ నిద్ర కోసమే తయారైందేమో అనిపిస్తే అది వాళ్ళ తప్పు కాదు.

ఆవిడ పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరో రాసిన ఏనుగులకీ, ఇంకెవరో రాసిన రాకుమారులకీ బొమ్మలు వేసింది. అట్ట మీద రాసినవాళ్ళ పేరు అరచెయ్యంత ఉండేది. ఈవిడ పేరు లోపలి పేజీలో, ముద్రణాలయం చిరునామాకి కింద, చీమ తలకాయంత ఉండేది. ఈసారి మాత్రం కథా తనదే, బొమ్మలూ తనవే. తన ఇల్లెక్కడో మరిచిపోయి ఊరంతా వెతుక్కునే ఒక నత్త కథ. ప్రచురణకర్తకి నచ్చింది కాని ఆయన గడియారంతో పుట్టిన మనిషి. "మధ్యాహ్నం పన్నెండు లోపల బొమ్మలన్నీ నా దగ్గరుండాలమ్మా. లేదంటే ప్రెస్సులో మీ చోటు వంటల పుస్తకానికి ఇచ్చేస్తాను. మళ్ళీ వచ్చే ఏడాదే," అని ముందే చెప్పారు. అన్నమాట తప్పే అలవాటు ఆయనకి లేదు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

హాల్లో కిటికీ పక్కన ఉన్న కంప్యూటరు ఇంటిల్లిపాదిదీ. కోడలు కాఫీ కప్పు పక్కన పెట్టుకుని నత్త ఫోల్డరు తెరిచింది. పైన రెండు, అట్టడుగున రెండు, తను ఎన్నడూ చూడని ఫైళ్ళు. వాటి పేర్లు పిల్లి కీబోర్డు మీద నడిచి వెళ్ళినట్టున్నాయి. ఒకదాన్ని తెరిస్తే పసుపు గొడుగు పట్టుకుని ఎవరో ఒకావిడ నవ్వుతోంది. ఇంకొకదాన్ని తెరిస్తే అందులో ఇలా ఉంది: "తలుపు నీలం. గుర్రం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేదు. కుర్చీలు సరిపోవు. మంగళవారం మెత్తగా ఉంటుంది." ఏ వాక్యానికి ఆ వాక్యం బుద్ధిగానే ఉంది. అన్నీ కలిపి చదివితే మాత్రం జ్వరం వచ్చినవాళ్ళ మాటల్లా ఉన్నాయి.

ఆవిడ వెళ్ళి స్నానాల గది తలుపు కొట్టింది.

"మన కంప్యూటర్లో నువ్వేమైనా ఫైళ్ళు పెట్టావా?"

"ఫైళ్ళా? నేనేం పెట్టలేదే," అన్నాడు లోపలి నుంచి ఆవిడ మొగుడు.

అతను అబద్ధం చెప్పలేదు. అతనిది బజారులో కళ్ళద్దాల షాపు. నిన్న కళ్ళ పరీక్షకి వచ్చిన ఒకాయన, కంప్యూటర్లలోకి దొంగ ప్రోగ్రాములు దూరి ఫైళ్ళ పేర్లన్నీ మార్చేసి, తాళాలు వేసి డబ్బు గుంజుతున్నాయని కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. ఇతను బెదిరిపోయి సాయంత్రమే కొత్త యాంటీవైరస్ కొని కంప్యూటర్లో పెట్టాడు. పెట్టానని ఎవరికీ చెప్పలేదు. వీధి తలుపుకి తాళం మార్చి, ఆ సంగతి ఇంట్లోవాళ్ళు బయట నిలబడ్డాక గుర్తు తెచ్చుకునే రకం మనిషి. ఫైళ్ళు పెట్టావా అని అడిగితే, పెట్టలేదు కాబట్టి పెట్టలేదన్నాడు.

కోడలికి ఇది వైరస్ పనేమోనని అనుమానం వచ్చింది. పోయిన ఏడాది ఎవరో ఒక చిత్రకారుడు బొమ్మలతోపాటు వైరస్ కూడా పంపాడట. వారం రోజులు ప్రచురణకర్త ఆఫీసులో ఒక్క కంప్యూటరూ కళ్ళు తెరవలేదు. ఆ తరవాత ఆ చిత్రకారుడికి ఆయన ఒక చుక్క పెట్టే పని కూడా ఇవ్వలేదు. ఈ ఫోల్డరు ఇలాగే పంపితే తన గతీ అంతే. పంపకపోతే వంటల పుస్తకం ఎలాగూ కాచుకుని ఉంది.

అంతలో అత్తగారు వచ్చి వెనక నిలబడ్డారు. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇల్లంతా ఇప్పటికీ ఆవిడ వార్డే.

"ఎవరే ఈ గొడుగావిడ?"

"తెలీదత్తయ్యా. రాత్రికి రాత్రి వచ్చింది."

"మావాణ్ణి అడిగావా?"

"అడిగాను. తనకేం తెలీదన్నాడు."

"అడగ్గానే అన్నాడా, ఆలోచించి అన్నాడా?"

"స్నానం చేస్తున్నాడత్తయ్యా. అడగ్గానే అన్నాడు."

అత్తగారు తల పంకించి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కొడుకు తల తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చునేదాకా ఊరుకుని, టిఫిను పళ్ళెం అతని ముందు చప్పుడయ్యేలా పెట్టారు.

"ఆ గొడుగు ఎవరిదిరా?"

"ఏ గొడుగు?"

"పసుపుది."

"మనింట్లో ఉన్నది నల్లదే కదమ్మా."

"నేననేదీ అదే."

కొడుకు పళ్ళెం పక్కకి జరిపి లేచాడు. అమ్మ ఈ మాట ఎందుకంటోందో కనుక్కుందామని హాల్లోకి వచ్చాడు. అక్కడ భార్య బుగ్గకి చెయ్యి ఆనించుకుని తెర వంక చూస్తోంది. తెర మీద నీలం తలుపూ, రాని గుర్రమూ ఉన్నాయి. అతను భుజం మీద నుంచి చదివాడు. సంగతి అర్థమైందనుకున్నాడు. ఇన్నాళ్ళూ బొమ్మలు వేసిన మనిషి ఇప్పుడు కవిత్వంలోకి దిగింది. పోయినసారి ఆవిడ వేసిన కుందేలుని చూసి గాడిద చాలా బాగుందన్నందుకు వారం రోజులు ఇంట్లో అతనితో మాట్లాడినవాళ్ళు లేరు. అందుకని ఈసారి మాటలు తూచి తూచి వాడాడు.

"బాగుంది."

"ఏం బాగుంది?"

"నీలం తలుపు బాగుంది. గుర్రం కోసం చూడ్డం ఇంకా బాగుంది."

"అంటే ఇది నీకు ముందే తెలుసా?"

"ఉందని అనుకుంటూనే ఉన్నాను. లోపలున్నది ఎప్పటికైనా బయటికి రావాల్సిందేగా."

"బయటికి వస్తే నా పుస్తకం ఏమవుతుందనుకున్నావు?"

"పుస్తకానికేం, దీన్ని కూడా అందులోనే వేసెయ్. జనం ఏమనుకుంటారోనని భయపడకు," అని ఆవిడ భుజం తట్టి, చాలా జాగ్రత్తగా మాట్లాడానన్న తృప్తితో షాపుకి వెళ్ళిపోయాడు.

కోడలు కాసేపు వీధి గుమ్మం వంక చూసింది. ఈ మనిషితో తరవాత తేల్చుకోవచ్చు, ముందు గడువు సంగతి చూడాలనుకుంది. ఫోను తీసుకుని వెనక వసారాలోకి వెళ్ళి ప్రచురణకర్తకి చేసింది. ఆయన వేరే ఫోనులో ఉన్నారన్నారు. ఆగమన్నారు. ఆవిడ ఆగింది.

కథలో మామగారు అడుగుపెట్టింది ఇక్కడే. పెట్టకుండా ఉంటే ఇది కథ అయ్యేది కాదు.

మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెద్ద గ్రంథాలయానికి అధికారి. లోకంలో ఉన్న సమస్యలన్నీ వస్తువులు తమ చోట్లో లేకపోవడం వల్లే వస్తాయని ఆయన నమ్మకం. ఆ ఇంట్లో పోపుడబ్బాలకి నంబర్లున్నాయి, చెప్పులకి అరలున్నాయి. "నన్ను కూడా చీటీ అంటించి ఏదో అరలో పెట్టేవారే. నైట్ డ్యూటీలుండబట్టి బతికిపోయాను," అని అత్తగారు ఎప్పుడూ అంటూంటారు. కంప్యూటరు మీద మాత్రం ఆయన చెయ్యి ఇంకా పడలేదు, కోడలి పని కదా అని మొహమాటపడ్డారు. ఇవాళ కోడలు దిగులుగా తిరుగుతోంది. పిల్లకి సాయం చేద్దామని కళ్ళజోడు సర్దుకుని కుర్చీలో కూర్చున్నారు.

గొడుగావిడ ఆయన్ని కంగారు పెట్టలేదు. కంగారు పెట్టినవి కోడలి ఫైళ్ళ పేర్లు. "చివరిది." దాని కింద "చివరిది కొత్తది." దాని కింద "అసలైన చివరిది." ఇంకా కిందికి వెళ్తే "ఇదే చివరిది", "నత్త ఏడుపు తగ్గించింది", "వద్దు కాని ఉంచు." మామగారికి నిజంగా బాధ కలిగింది. ఇంత మంచి పిల్ల ఇలాంటి గందరగోళంలో బతుకుతోందని ఇన్నాళ్ళూ కనిపెట్టలేకపోయినందుకు తనని తాను తిట్టుకున్నారు.

ముందు కొత్తగా వచ్చినవాటితో మొదలుపెట్టారు. గొడుగావిడ పేరు మార్చి "వ్యక్తులు, స్త్రీలు, వర్షాకాలం" అని పెట్టారు. నీలం తలుపుకి "సాహిత్యం, సందేహాస్పదం" అని పెట్టారు. తరవాత చొక్కా చేతులు పైకి మడిచి నత్తల మీద పడ్డారు. నాలుగో నత్త దగ్గరుండగా తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. "మీ ఫైళ్ళను ఎవరో మారుస్తున్నారు. అనుమతిస్తారా?"

తను సర్దుతూండగా మధ్యలో ఇంకెవరో వచ్చి చెయ్యి పెడుతున్నారంటే మామగారికి ఒళ్ళు మండింది. "అనుమతి లేదు" అన్నదాన్ని గట్టిగా నొక్కారు. మళ్ళీ తన పని చేసుకున్నారు. మళ్ళీ పెట్టె వచ్చింది. మళ్ళీ లేదన్నారు. అలా కాసేపు దాడి చేసిందీ ఆయనే, అడ్డుకున్నదీ ఆయనే. ఆఖరికి కంప్యూటరు ఇద్దరితోనూ విసిగిపోయింది. తెర మొత్తం ఎర్రగా అయిపోయి, పెద్ద అక్షరాలతో ఇలా వచ్చింది: "దాడి జరిగింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం."

సరిగ్గా అప్పుడే కోడలు లోపలికి వచ్చింది. గంట గడువు అడిగితే ప్రచురణకర్త నిమిషం కూడా ఇవ్వనన్నారు. రాగానే ఎదురుగా ఎర్ర తెర కనిపించింది.

"నేను కాపలా కాస్తూనే ఉన్నానమ్మా. వాడొచ్చినప్పుడల్లా వద్దనే చెప్పాను. అయినా దూరాడు వెధవ," అన్నారు మామగారు.

అత్తగారు పరుగున వచ్చి ఇంటర్నెట్ వైరు పట్టుకుని ఊడబెరికారు. "ముందు రోగిని వేరుచెయ్యాలి. ఎవరూ దగ్గరికి పోకండి. మీరు ముట్టుకున్నారా? వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కోండి."

"కంప్యూటర్ వైరస్ చేతులకి అంటదే."

"అంటదని మీకెవరు చెప్పారు? కడుక్కోండి."

మామగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. కోడలు కింద కూలబడింది. ఆవిడకి ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

"ఇన్నేళ్ళూ వాళ్ళ ఏనుగులకి బొమ్మలు వేశాను అత్తయ్యా. ఒక్కనాడు నాదని అడగలేదు. ఈ ఒక్క నత్తే నాది."

అత్తగారు ఎన్నో ఏడుపులు చూసిన మనిషి. పక్కన కూర్చుని వీపు నిమిరారు. కాసేపటికి కొడుక్కి ఫోను చేసి, "ఇల్లు దోచేశారు, వెంటనే రా," అన్నారు. ఆవిడ దృష్టిలో అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

కొడుకు షాపు తలుపు కూడా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే ఒక పెద్దమనిషి ఆయాసపడుతూ వచ్చాడు. ముక్కు మీద గుండ్రటి ఇనప చట్రం, అందులో ఒకదాని మీద ఒకటి గుచ్చిన పరీక్ష అద్దాలు. కళ్ళ పరీక్ష సగంలో ఉండగా ఫోను రావడంతో, ఆయన సొంత కళ్ళజోడు కొడుకు చొక్కా జేబులోనే ఉండిపోయింది. జేబు ఎటు పరిగెడితే ఆయనా అటు పరిగెత్తక తప్పలేదు.

"ఏం పోయింది? బీరువా పగలగొట్టారా?"

"నత్త పోయింది," అంది భార్య.

కొడుకు తెర వంక చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అదేమిటి, నిన్న సాయంత్రమేగా కొత్త యాంటీవైరస్ పెట్టాను."

ముగ్గురూ ఒక్కసారి అతని వైపు తిరిగారు. మామగారు తడిచేతుల్తోనే తిరిగారు.

"పొద్దున అడిగితే ఏం పెట్టలేదన్నావు," అంది భార్య.

"ఫైళ్ళు పెట్టావా అని అడిగావు. అవి పెట్టలేదుగా."

ఈ మాటకి జవాబు ఏమొచ్చేదో కాని, అంతలో ఇనప చట్రం పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. పొద్దున్నుంచీ కింద లైను చదవండి, ఇంకా కింద లైను చదవండి అనిపించుకుని అలవాటు పడ్డ ప్రాణం. ఎర్ర తెర కింద, ఎవరికీ ఆనని సన్నటి అక్షరాల్ని మెడ ఒక పక్కకి వాల్చి కూడబలుక్కున్నాడు.

"మేము పెట్టిన... ఎర ఫైళ్ళను... కదిపినందువల్ల... రక్షణ మొదలైంది."

"ఆ కింది లైను?" అన్నాడు కొడుకు అలవాటుకొద్దీ.

"దాడి... ఈ కంప్యూటరు కీబోర్డు నుంచే... జరిగింది. సహాయానికి... ఈ నంబరుకి ఫోను చెయ్యండి."

కొడుకు తన ఫోను స్పీకర్లో పెట్టి చేశాడు. అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "అవి మేమే పెడతామండీ. దొంగ ప్రోగ్రాములకి ఎరలాంటివి. ఇంట్లోవాళ్ళు వాటి జోలికి పోరు కదా. దొంగ వచ్చి వాటిని మార్చాడంటే పట్టేస్తాం."

"ఇంట్లోవాళ్ళు పోరని ఎవరన్నారమ్మా?" అన్నారు అత్తగారు.

"మామూలుగా పోరండీ."

"సరే. ఆ గొడుగావిడ ఎవరు?"

"మాకూ తెలీదండీ. ఏదో ఒక ఫొటో పెట్టాలని పెడతాం."

అత్తగారు కొడుకు వంక చూసి, ప్రస్తుతానికి వదిలేస్తున్నానన్నట్టు తల తిప్పుకున్నారు. కొడుకు ఫోనుకి దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు.

"మరి ఆ కవిత్వం?"

"కవిత్వం ఏమీ లేదండీ. ఖాళీగా ఉండకూడదని యంత్రం ఎక్కడెక్కడివో వాక్యాలు ఏరి పోస్తుంది."

భార్యకి అప్పుడు పొద్దుటి మాటలన్నీ అర్థమయ్యాయి. కొడుకు తన చెప్పుల్ని చాలా శ్రద్ధగా చూసుకున్నాడు.

"ఇక్కడ రికార్డులో ఉందండీ," అంది అమ్మాయి. "ముందు ఎరల పేర్లు మార్చారు. తరవాత వరసపెట్టి మీ ఫైళ్ళ మీద పడ్డారు. చాలా పద్ధతిగా చేశారు. ఇంత పద్ధతైన దాడి నేనెప్పుడూ చూడలేదండీ."

కీబోర్డు మాట వచ్చినప్పుడే పేపరు అందుకుని దాని వెనక దాక్కున్న మామగారు పేపరు కొంచెం దించారు. "పద్ధతిగా అందా?"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అన్నారు అత్తగారు. "మీరు కాస్త పేపరు చదువుకోండి."

అమ్మాయి చెప్పినట్టు వైరు తగిలించి, అది నొక్కి ఇది నొక్కితే, తెర మీది ఎరుపు పోయింది. నత్తలన్నీ తిరిగొచ్చాయి. వాటి పాత పేర్లూ తిరిగొచ్చాయి. కోడలు ఎర ఫైళ్ళని వదిలేసి, తన బొమ్మలన్నిటినీ ఒక్క దెబ్బకి పంపేసి కుర్చీలో వెనక్కి వాలింది. పన్నెండుకి ఇంకా అరగంట ఉంది. ఆవిడ కళ్ళు మూతలు పడుతూండగా తన ఫోను మోగింది.

"అమ్మా, బొమ్మలు అందాయి," అన్నారు ప్రచురణకర్త. "ఇందులో మొదటి పేజీ ఏది?"

"'ఇదే చివరిది' అని ఉంది చూడండి, అదండీ."

"ఓహో. మరి 'అసలైన చివరిది'?"

"అది మధ్యలోదండీ. నత్త బావిలోకి తొంగి చూసేది."

"'వద్దు కాని ఉంచు' అంటే ఉంచాలా, వద్దా?"

అదే బొమ్మో గుర్తురాక ఆవిడ మళ్ళీ ఫోల్డరు తెరవబోయింది.

"నా ప్రెస్సువాళ్ళకి జాతకాలు చెప్పడం రాదమ్మా. వరసగా నంబర్లు వేసి, వద్దన్నవి తీసేసి మళ్ళీ పంపండి. పన్నెండంటే పన్నెండే," అని ఆయన పెట్టేశారు.

కోడలు గబగబా ఒక పేరు మార్చబోయింది. తెర మీద పెట్టె వచ్చింది. ఒకసారి దాడి జరిగింది కాబట్టి ఇకమీదట నమోదైనవారు తప్ప ఎవరూ పేర్లు మార్చకూడదట. సహాయం అమ్మాయి ఇంకా కొడుకు ఫోనులోనే ఉంది.

"పేర్లు మార్చే అధికారం ఎవరో ఒకరికి ఇచ్చేస్తే మళ్ళీ ఈ గొడవ రాదండీ. ఎవరి పేరు పెట్టమంటారు?"

అందరూ మామగారి చేతిలోని పేపరు వంక చూశారు. పేపరు కదల్లేదు.

"మామయ్యా," అంది కోడలు.

"నేను దొంగనట కదమ్మా."

"ఏది ముందో ఏది వెనకో నాకు తెలుసు మామయ్యా. కాని పేరు పెట్టమంటే మళ్ళీ చివరిది అనే పెడతాను. నా వల్ల కాదు. మీరొచ్చి కూర్చోండి."

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. "'వద్దు కాని ఉంచు' అన్నది ఇక ఉండదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను."

మామగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఫోను వైపు వంగి, "గ్రంథాలయాధికారి అని రాసుకోమ్మా," అన్నారు. అది హోదా, పేరు చెప్పండి అంది ఆ అమ్మాయి. అదే పేరు అన్నారాయన. వాదించే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఆ తరవాత జరిగింది చూడవలసిన పని. కోడలు పక్కన నిలబడి నత్త ఎక్కడ బయల్దేరిందో, ఎక్కడ తప్పిపోయిందో చెబుతూంటే, మామగారి వేళ్ళు ఒక్కొక్క నత్తనీ దాని అరలో కూర్చోబెట్టాయి. పెద్దమనిషి గోడ గడియారం చదివి వినిపించాడు. అత్తగారు కొడుకుని నోరెత్తనివ్వలేదు. పన్నెండు కొట్టకముందే బొమ్మలన్నీ వరసగా నడిచి వెళ్ళిపోయాయి. "ఇప్పుడు బాగుంది. ప్రెస్సుకి ఇస్తున్నాను," అని ప్రచురణకర్త దగ్గర్నుంచి ముక్తసరిగా జవాబు వచ్చింది.

కోడలికి మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు లేకపోతే నా పుస్తకం పోయేది మామయ్యా."

"ఆయనుండబట్టే పోబోయింది కూడా," అన్నారు అత్తగారు. "రెండూ గుర్తుపెట్టుకో."

కోడలు సాయంత్రం దాకా నిద్రపోయింది. మర్నాడు హుషారుగా లేచి, కొత్త పుస్తకానికని ఒక కప్పని వేసి, "కప్ప చివరిది" అని పేరు పెట్టబోయింది. తెర మీద మర్యాదగా ఒక పెట్టె వచ్చింది. "ఈ పేరుకు అనుమతి లేదు. దయచేసి గ్రంథాలయాధికారిని సంప్రదించండి."

మామగారు పక్క గదిలో మేలుకునే ఉన్నారు కాని, ఆ రోజు గ్రంథాలయానికి వారపు సెలవు.